డాక్టర్ దయానందం ఆ రోజు నాతో ఏమన్నాడంటే

నాకు కేన్సర్ వచ్చి తగ్గిన సంగతి డెట్రాయిట్ చుట్టుపక్కల ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో చాలామందికి తెలుసు. డాక్టర్ దయానందం నా మెడ పట్టి చూసి కూడా దాన్ని గుర్తించలేకపోయాడని వాళ్ళు చాలాకాలం అనుకున్నారు. మొదటిది నిజం. రెండోది నేను పుట్టించిన అబద్ధం. దయానందం గుర్తించాడు. వెళ్ళమన్నాడు. నేను వెళ్ళలేదు. ఈ మూడు ముక్కలు చెప్పడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

ఉద్యోగం మారుతున్న సమయంలో ఒంట్లో ఏదో తేడా కనిపించి, కొత్త ఇన్సూరెన్స్ మొదలయ్యేదాకా ఆగుదామనుకుంటున్న వాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళు ఇది చదవాలని నా కోరిక.

1981, చలికాలం

ఆ వేసవిలో మా కంపెనీలో సగం మందిని ఇంటికి పంపించేశారు. కార్ల సీట్ల కింద ఉండే పట్టాలు గీసే డిజైన్ ఇంజనీర్ని నేను. ఉద్యోగంతో పాటే హెల్త్ ఇన్సూరెన్స్ కూడా పోయింది. అప్పట్లో అంతే. నా భార్య రత్నం ఒక స్టోర్‌లో సగం పూట పని చేసేది, దానికి ఇన్సూరెన్స్ లేదు. మా అమ్మాయి షారన్‌కి తొమ్మిదేళ్ళు. మంచు మీద ఆడొద్దు, జారిపడితే చెయ్యి విరుగుతుంది అని ఆ ఏడాది దాని మీద అరిచినంతగా మరెప్పుడూ అరవలేదు. నాకు భయం చెయ్యి గురించి కాదు, ఆస్పత్రి గురించి.

నవంబరులో డెట్రాయిట్ దగ్గరి నోవై ఊళ్ళో ఒక చిన్న కంపెనీ పిలిచింది. ఇంటర్వ్యూకి వెళ్ళేందుకు టై కట్టుకుంటుంటే ఎడమవైపు కాలర్ ఎముక పైన వేలికి ఏదో తగిలింది. నానిన శనగగింజంత. నొప్పి లేదు. టై ముడి కొంచెం వదులు చేసుకుని వెళ్ళాను. జనవరి నుంచి రమ్మన్నారు.

ఆ కంపెనీలో అప్పటికే ఉన్న ఒక డ్రాఫ్ట్స్‌మన్ మాటల మధ్య నాకు ఒక ఉపాయం చెప్పాడు. ఇన్సూరెన్స్ మూడు నెలల తర్వాత మొదలవుతుందట. అయితే చేరకముందే ఉన్న జబ్బుకి మొదటి ఏడాది పైసా ఇవ్వరు. దానికి ప్రీ-ఎగ్జిస్టింగ్ కండిషన్ అని పేరు. "ఒంట్లో ఏదైనా ఉంటే డాక్టరు గడప తొక్కకు. కార్డు చేతికొచ్చాక అప్పుడే వచ్చినట్టు వెళ్ళు," అన్నాడతను. నేను నవ్వాను. నా చెయ్యి మాత్రం కాలర్ దగ్గరికి వెళ్ళింది.

డిసెంబరులో మా ప్రార్థన కూటం ఒకరి ఇంట్లో జరిగింది. మా దగ్గర చలికాలం కూటాల్లో అందరి కోట్లూ ఒక పడగ్గదిలో మంచం మీద గుట్టగా పడేస్తారు. ఆ గదే దయానందం ఉచిత క్లినిక్. ఆయన బాపట్ల దగ్గరివాడు, నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. ఇండియాలో చదివిన చదువంతా ఇక్కడ మళ్ళీ చదివి, అప్పుడప్పుడే సొంతంగా క్లినిక్ తెరిచాడు. భోజనాలు కాగానే ఎవరో ఒకరు "డాక్టరు గారూ, ఒక్క నిమిషం" అని ఆయన్ని ఆ గదిలోకి లాక్కెళ్ళేవారు. ఒకరి మోకాలు, ఒకరి బీపీ, ఇండియా నుంచి వచ్చిన ఎవరి అత్తగారి దగ్గో. "ఈయన్ని కూడా కోట్లతో పాటు అక్కడే పడేసి పోండి," అని ఆయన భార్య సువార్తమ్మ నవ్వేది.

ఆ రోజు నేనూ లాక్కెళ్ళాను. తలుపు వేసి చొక్కా గుండీ విప్పాను.

"ఎప్పటి నుంచి అన్నా?"

"నెల, నెలన్నర. నొప్పేం లేదు దయా."

"నొప్పి ఉంటే బాగుండేది," అన్నాడు. రెండోవైపు చూశాడు, చంకల్లో చూశాడు. "రాత్రిపూట చెమటలు పడుతున్నాయా?"

"మీ రత్నక్క హీటర్ ఎక్కువ పెడుతోంది."

అతను నవ్వలేదు. "సోమవారం పొద్దున నాతో హాస్పిటల్‌కి రండి. సర్జన్‌తో నేను మాట్లాడతాను. చిన్న ముక్క తీసి చూడాలి. ఇది ఆగాల్సిన గడ్డ కాదన్నా."

"జనవరిలో చేరుతున్నాను కదా. ఇప్పుడు చూపిస్తే ప్రీ-ఎగ్జిస్టింగ్ అని రాసేస్తారు. ఇక అంతే సంగతులు."

"రాయనీ. డబ్బులేనివాళ్ళకి చూసే కౌంటీ హాస్పిటల్ ఉంది. వాయిదాలు అడగొచ్చు. నేనున్నాగా."

"ఎక్కడా రాయకు. రత్నానికి చెప్పకు. ప్రామిస్ చెయ్యి."

నా కాలర్ సర్దాడు. "తమ్ముడిగా ప్రామిస్ చేస్తున్నాను. డాక్టరుగా మాత్రం సోమవారం రమ్మంటున్నాను. రెండూ గుర్తుపెట్టుకోండి."

మేమిద్దరం బయటికి రావడం రత్నం చూసింది. "ఏంటంట?" అంది. "జలుబుకి గ్రంథి వాచిందట," అన్నాను.

సోమవారం ఫోన్ మోగింది. లేనని చెప్పమని షారన్‌కి సైగ చేశాను. "డాడీ లేను అని చెప్పమన్నారు అంకుల్," అంది అది, దాని అమెరికా తెలుగులో. అవతల దయానందం ఏమన్నాడో వినబడలేదు. ఆ నెలలో మరి కొన్నిసార్లు చేశాడు. తర్వాత మానేశాడు.

1982, జనవరి నుంచి జూన్ దాకా

ఎదురుచూడటం అంటే ఏమిటో నాకు ఆ నెలల్లో తెలిసింది. పొద్దున గడ్డం గీసుకుంటూ గడ్డని తడిమేవాణ్ణి. నిన్నటిలాగే ఉందనిపిస్తే ఆ రోజు బతికినట్టు. పెరిగిందనిపిస్తే ఆఫీసులో గీతలు గీస్తున్నా, భోజనం చేస్తున్నా, పిల్లకి లెక్కలు చెప్తున్నా దాని మీదే ధ్యాస. మార్చి నాటికి ఒళ్ళంతా దురద మొదలైంది. రక్తం వచ్చేలా గోక్కునేవాణ్ణి. సబ్బు మార్చమని రత్నంతో పోట్లాడాను.

ఏప్రిల్‌లో కార్డు వచ్చింది. ఇక వెళ్ళొచ్చు. కానీ మొదటి వారంలోనే వెళితే అనుమానిస్తారేమో అనుకున్నాను. మే వచ్చింది. మేలో ఇంకో సాకు దొరికింది. ఇప్పుడు నిజం ఒప్పుకోవాలి. ఇన్సూరెన్స్ భయం అబద్ధం కాదు. ఆ రూల్ అలాంటిదే. మంచి మనుషుల చేత కూడా జబ్బును దాచిపెట్టిస్తుంది. కానీ దాని వెనక ఇంకో భయం నక్కి కూర్చుంది. ఆ ముక్క తీసి చూస్తే అదేమిటో తెలిసిపోతుంది. తెలియకుండా ఉండటానికి నాకు గౌరవంగా కనిపించే కారణం ఒకటి కావాలి. ఇన్సూరెన్స్ ఆ కారణాన్ని చేతికిచ్చింది.

జూన్‌లో ఆఫీసులో డ్రాయింగ్ బోర్డు మీదికి వంగితే ఊపిరి ఆడలేదు. కళ్ళు తెరిచేసరికి అంబులెన్సులో ఉన్నాను. ఎమర్జెన్సీ కౌంటర్ దగ్గర ఉన్నావిడ నా పేరు అడగకముందే ఇన్సూరెన్స్ కార్డు అడిగింది. జేబులోంచి తీసి ఇచ్చాను. ఆ క్షణంలో నాకు కలిగింది ఊరట. ఊపిరి అందక చస్తున్నవాడికి కార్డు ఉందన్న ఊరట!

రెండు రోజుల తర్వాత ఒక పెద్ద డాక్టరు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. డాక్టరు కూర్చున్నాడంటే మంచి కబురు కాదని నాకు తోచింది. లింఫ్ గ్రంథుల కేన్సర్, మెడ నుంచి ఛాతీలోకి దిగింది, పొట్టలో కూడా ఉన్నట్టుంది అన్నాడు. రత్నం మంచం కమ్మీ పట్టుకుంది.

"మొదట ఎప్పుడు గమనించారు?" అని అడిగాడు.

"ఈ మధ్యే. ఒక నెల అయ్యుంటుంది," అన్నాను.

ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు. రత్నం నా వైపు తిరిగింది. "డిసెంబర్‌లో డాక్టరు గారికి మెడ చూపించావు కదా? ఆ గదిలో? ఆయన ఏమన్నాడు?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నేను గోడ వైపు చూసి, "చూశాడు. ఏం లేదన్నాడు," అన్నాను.

1982 జూలై నుంచి మరుసటి వేసవి దాకా

మందుల గురించి ఎక్కువ రాయను. ఆస్పత్రి పార్కింగ్‌లోకి కారు తిరగగానే, ఇంకా సూది పడకముందే వాంతి వచ్చేది. జుట్టు ఊడింది. షారన్ నా బోడిగుండు మీద చెయ్యి పెట్టి "లైక్ ఎ పీచ్, డాడీ" అని, బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చింది.

మందు ఎక్కించే గదిలో నా పక్క కుర్చీ ఎర్ల్ అనే ఆయనది. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసిన తెల్లాయన, మనిషి దుంగలా ఉండేవాడు. నేను మొదటిరోజు వణుకుతుంటే జేబులోంచి నిమ్మకాయ బిళ్ళ తీసి ఇచ్చాడు. "ఇది నోట్లో పెట్టుకో ఇంజనీర్. మందు రుచి తెలియదు. నువ్వు గీసిన సీట్లు నేను బిగించానేమో, నడుం నొప్పి నీ వల్లే అయ్యుంటుంది." ఆ గదిలో నేను నవ్వింది అతని మాటలకే. వాళ్ళ ఫ్యాక్టరీ మూసేశారు. యూనియన్ ఇన్సూరెన్స్ ఇంకొన్నాళ్ళు వస్తుందని చెప్పేవాడు. వసంతంలో ఒకరోజు అతని కుర్చీలో వేరే ఆవిడ కూర్చుని ఉంది.

"ఎర్ల్ ఏడి?" అని నర్సుని అడిగాను.

"మా షెడ్యూల్‌లో లేరు," అంది, నా చేతికి పట్టీ చుడుతూ.

"తగ్గిపోయిందా?"

ఆమె నా కళ్ళలోకి చూడలేదు. "తగ్గలేదు. ఇన్సూరెన్స్ కవరేజ్ అయిపోయింది. నేను చెప్పానని అనకండి."

ఆ రోజు నుంచి నా భయానికి రూపం వచ్చింది. డిసెంబర్‌లో ఒక డాక్టరు నన్ను హెచ్చరించాడని ఇన్సూరెన్స్ వాళ్ళకి తెలిస్తే చాలు, నా కుర్చీ కూడా ఖాళీ అవుతుంది. ఫోన్ మోగినా, పోస్టు వచ్చినా వాళ్ళేనేమో అనుకునేవాణ్ణి.

ఇక రత్నం. జబ్బు బయటపడ్డ కొత్తలోనే, నేను ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన వారం, ఆమె దయానందానికి ఫోన్ చేసింది. పక్కగదిలో పడుకుని నేను విన్నాను. "చేతితో పట్టి చూసి కూడా తెలియలేదా మీకు? మీరేం డాక్టరండీ? నా పిల్లకి తండ్రి లేకుండా చేస్తారా?" గొంతు పగిలిపోయేలా అరిచి ఫోన్ పెట్టేసింది. తర్వాత నా దగ్గరికొచ్చి మంచం అంచున కూర్చుంది.

"ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు ఆ మనిషి," అంది. "క్షమించండి అక్కా అన్నాడు. అంతే."

నాకు వెంటనే అర్థమైంది. అతను నిజం చెప్తే నా కవరేజ్ పోతుంది. అది అతనికి నాకంటే బాగా తెలుసు. నా మందుల కోసం తన పేరు పోగొట్టుకుంటున్నాడు. నేను దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను. నీరసం అనుకుంది రత్నం.

1984, వసంతం

స్కాన్‌లో ఏమీ కనబడలేదన్నారు. మా కూటం అప్పటికి ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో ఆదివారం మధ్యాహ్నాలు జరిగేది. జబ్బు నుంచి లేచినవాళ్ళు నిలబడి సాక్ష్యం చెప్పడం మా ఆచారం. పెద్దలు అడిగారు. కాదంటే కృతజ్ఞత లేనివాడినవుతాను. నిలబడ్డాను.

నేను మాట్లాడటం మొదలుపెట్టగానే ఆడవాళ్ళు ఏడవడం మొదలైంది. ఆ ఏడుపు నన్ను ఇంకా ముందుకు తోసింది. "మనుషుల కళ్ళకు కనబడనిది దేవుడు చూశాడు. చదువుకున్న చేతులు పట్టుకోలేనిది ఆయన పట్టుకున్నాడు. నేను ఆరు నెలలు ఆలస్యమైనా ఆయన ఆలస్యం కాలేదు," అన్నాను. మూడో వరసలో దయానందం ఉన్నాడు. కోట్ల గది సంగతి రత్నం అప్పటికే అందరికీ చెప్పింది, తలలన్నీ అటు తిరిగాయి. అతను పాటల పుస్తకం తెరిచి కిందకి చూస్తూ కూర్చున్నాడు. సువార్తమ్మ మాత్రం నన్నే చూసింది. "ఆమేన్" అని అందరూ అన్నప్పుడు ఆవిడ పెదాలు కదలలేదు.

కోట్ల గదిలో ఆయన్ని పిలవడం అందరూ మానేశారు. క్లినిక్‌కి వెళ్ళే తెలుగువాళ్ళు ఒక్కొక్కరే తగ్గారు. కొత్త క్లినిక్, మొదటి పేషెంట్లంతా మనవాళ్ళే. రెండేళ్ళలో అది మూసేసి ఒహాయోలో టొలీడోకి వెళ్ళిపోయాడు, ఒక ఆస్పత్రిలో జీతానికి. వీడ్కోలు భోజనానికి నేను ఒళ్ళు బాగాలేదని వెళ్ళలేదు.

1988

ఈ ఏడాది మార్చిలో మా కూటంలో ఎస్తేరు అనే ఆవిడ ఆరాధన అయ్యాక మా దగ్గరికి వచ్చింది. నలభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లలు. రత్నాన్ని పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పింది. రొమ్ములో గడ్డ ఉందట. భర్త ఉద్యోగం మారుతున్నాడట. కొత్త ఇన్సూరెన్స్ శరదృతువులో వస్తుందట.

"డాక్టరు దగ్గరికి వెళ్ళావా?" అంది రత్నం.

"లేదక్కా. ఇప్పుడు వెళితే రాసేస్తారు కదా. అయినా అన్నయ్య సాక్ష్యం నాకు గుర్తుంది. ఆరు నెలలు ఆలస్యమైనా దేవుడు ఆలస్యం కాలేదన్నారు. నేనూ ఆగుతాను. అన్నయ్య ప్రార్థన చేస్తే చాలు."

నాలుగేళ్ళుగా నా అబద్ధం దయానందాన్ని ఒక్కణ్ణే కొట్టిందనుకున్నాను. అది ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఎస్తేరమ్మా," అన్నాను, "నేను అబద్ధం చెప్పాను. దయానందం మొదటిరోజే పట్టుకున్నాడు. సోమవారం రమ్మన్నాడు. నేను ఇన్సూరెన్స్ కోసం ఆగాను. ఆ ఆగడంతోనే మెడలో ఉన్నది పొట్టలోకి దిగింది. నేను బతకడం నేను ఆగినందువల్ల కాదు. ఆగినా బతికాను, అంతే. నువ్వు ఆగొద్దు."

రత్నం లేచి నిలబడింది. ఇంటికెళ్ళాం. గరాజ్‌లో కారు ఆపాక సీట్‌బెల్ట్ కూడా తీయకుండా అడిగింది: "ఆయన్ని నేనన్న మాటలు ఎవరు వెనక్కి తీసుకుంటారు? నువ్వా?"

మర్నాడు రత్నమే ఎస్తేరుని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. అనుకున్నదే అయింది, కేన్సర్. ఆపరేషన్ చేశారు. చిన్నగా ఉండగానే దొరికిందన్నారు. పాత ఇన్సూరెన్స్ ఇంకా ఉంది కాబట్టి ఖర్చు అదే ఇచ్చింది. భర్త ఇప్పుడు ఉద్యోగం మారలేక ఇష్టంలేని చోటే ఉండిపోయాడు. ఈ దేశంలో జబ్బు మనిషిని అలా కూడా కట్టేస్తుంది.

ఏప్రిల్‌లో రత్నం, నేను టొలీడో వెళ్ళాం. దారిలో నేను రెండుసార్లు కారు ఆపాను. మొదటిసారి సూది కోసం చెయ్యి చాచినప్పటికంటే ఎక్కువ భయం వేసింది. దయానందం తలుపు తీశాడు. జుట్టు నెరిసింది. "రండన్నా, రండక్కా, లోపలికి రండి, చలిగా ఉంది," అన్నాడు, నిన్ననే కలిసినట్టు.

వంటింట్లో టేబుల్ దగ్గర కూర్చుని చెప్పాను. రత్నం తన మాటలకు ఏడుస్తూ విడిగా క్షమాపణ అడిగింది. దయానందం ఆమె చేతిని తట్టి, నా వైపు తిరిగి మొదట అడిగింది ఇది: "స్కాన్లు చేయించుకుంటున్నారా? మానలేదు కదా?"

"దయా, నన్ను తిట్టు."

"తిట్టను. ఆ సోమవారం మీ ఇంటికొచ్చి మిమ్మల్ని లాక్కెళ్ళాల్సింది. ఫోన్‌తో ఊరుకున్నాను. ప్రామిస్ చేశానని అక్కకి చెప్పలేదు. అది నా తప్పు. నాకూ నిద్ర పట్టని రోజులున్నాయి."

స్టవ్ దగ్గర నిలబడ్డ సువార్తమ్మ అప్పుడు ఇటు తిరిగింది. టీ కప్పులు టేబుల్ మీద పెట్టింది కానీ కూర్చోలేదు.

"ఆయన తిట్టరు అన్నయ్యగారూ. నేను అడుగుతాను. మీరు మమ్మల్ని చెడగొట్టింది వందమంది ముందు. బాగుచేయడానికి మా వంటింటికి వచ్చారా? ఇక్కడ చెప్తే ఎవరికి వినపడుతుంది? ఈ గిన్నెలకా?"

"సువార్తా, వద్దు," అన్నాడు దయానందం. "ఇన్సూరెన్స్ వాళ్ళకి తెలిస్తే ఆ పాత బిల్లులన్నీ తిరగదోడతారేమో. అన్నకి మళ్ళీ ఏదైనా వస్తే?"

అప్పటికీ అతనికి నా కవరేజే దిగులు. నాకు ఆ భయం లేదని చెప్పను. మళ్ళీ జబ్బు తిరగబెడితే, ఆ కౌంటర్ దగ్గర నా కార్డు చెల్లదంటే ఏం చేయాలో నాకు తెలియదు. కానీ సువార్తమ్మ అన్నది న్యాయం.

తర్వాతి నెల మొదటి ఆదివారం పెద్దలని అడిగి బేస్‌మెంట్‌లో నిలబడ్డాను. దయానందానికి డ్యూటీ ఉంది, రాలేదు. సువార్తమ్మ ఒక్కతే అంత దూరం డ్రైవ్ చేసుకుని వచ్చి తలుపు పక్కన నిలబడింది. కుర్చీ ఇస్తే వద్దంది. రత్నం నీళ్ళ గ్లాసు ఇచ్చింది. తాగాను. అప్పుడు ఇలా చెప్పాను.

"నాలుగేళ్ళ క్రితం ఇక్కడే దేవుడి పేరు మీద మీకు అబద్ధం చెప్పాను. డాక్టర్ దయానందం నా జబ్బును ముట్టుకున్న నిమిషంలోనే పోల్చుకున్నాడు. వెంటనే హాస్పిటల్‌కి రమ్మన్నాడు. నేను భయపడి దాక్కున్నాను. నా మందులు ఆగిపోకూడదని అతను నోరు మూసుకుని మీ చేత మాటలు పడ్డాడు. మీరు అతన్ని వదిలేయడానికి కారణం నేను. సువార్తమ్మా, నీ భర్త మంచి డాక్టరు. అది తెలిసి కూడా అతని పేరు చెడగొట్టి నా భయాన్ని కప్పుకున్నాను. నన్ను క్షమించమని దయానందాన్ని అడిగాను. ఇప్పుడు వీళ్ళందరి ముందు నిన్ను అడుగుతున్నాను. క్షమించు తల్లీ."